టౌన్ తిరుగుడుకు బీఎస్6 డీజిల్: గేజ్ పుల్ల మీద ఆయిల్ పెరుగుతోంది, డీపీఎఫ్ లైటు మళ్లీ మళ్లీ వస్తోంది

కడప_డీజిల్

అన్నలందరికీ నమస్కారం. బండి 1.5 లీటర్ల టర్బో డీజిల్, కామన్ రైల్, బీఎస్6, మాన్యువల్ గేరు. మీటరు 58,000 దాటింది. డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉంది, యాడ్‌బ్లూ (పొగ శుద్ధికి పోసే యూరియా ద్రావణం) ట్యాంకు లేదు. కంపెనీ పేరు కావాలనే పెట్టలేదు, పెడితే చర్చంతా ఆ కంపెనీ మంచిదా చెడ్డదా అనే దాని మీదికి పోతుంది.

వాడకం కడప టౌనులోనే. రోజుకు రెండుసార్లు, ఒక్కో తూరి ఆరు కిలోమీటర్లు. నెలకోసారి ప్రొద్దుటూరు.

డీపీఎఫ్ లైటు ఈ నెలలో మూడుసార్లు వెలిగింది. ఆయిల్ మార్చి 4,200 కిలోమీటర్లయింది. అప్పుడు గేజ్ పుల్ల మీద మ్యాక్స్ గీతకు రవ్వంత కిందే ఉన్నింది, ఇప్పుడు గీత దాటి చిటికెన వేలు మందం పైకి ఉంది. వేలికి అంటించి చూస్తే నీళ్లలా జారుతోంది, డీజిల్ వాసన కొడుతోంది. అప్పుడు పోసింది 15డబ్ల్యూ-40, డబ్బా మీద సీఐ-4 ప్లస్ (ఆయిల్ నాణ్యత గ్రేడు) అని ఉంది. మైలేజీ 17 నుంచి 13కు పడింది.

షెడ్డులో చెప్పేదేమంటే, డీపీఎఫ్ లోపల జల్లెడ కొట్టేసి ఖాళీ డబ్బా బిగించి, ఈసీయూలో (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) దాన్ని ఆఫ్ చేస్తే పీడ వదులుతుందంట. ఆయిల్ ఏంటికి పెరుగుతుంది? ఎక్కువైనంత తీసేసి నడపచ్చా? డీపీఎఫ్ ఖాళీ చేయించేది మంచిదేనా?

గుత్తిరోడ్డు_షెడ్డు (అనంతపురం)

ముందు బండి పక్కన పెట్టప్పా. మిగతా మాటలు తర్వాత.

మ్యాక్స్ దాటిన ఆయిల్‌తో హైవే ఎక్కొద్దు. క్రాంకు ఆ ఆయిల్‌ను కవ్వంతో మజ్జిగ చిలికినట్టు చిలుకుతుంది. నురగొస్తుంది, నురగతో బేరింగుల్లో ప్రెషర్ నిలవదు. అంతకంటే పెద్ద ముప్పు బ్రీదర్ పైపు, ఇంజిన్ లోపలి ఆవిరిని ఇన్‌టేక్‌కు పంపే గొట్టం. దాన్లోంచి ఆయిల్ ఇన్‌టేక్‌లోకి ఎక్కితే ఇంజిన్ ఆ ఆయిల్‌నే కాల్చుకుంటూ తనంతట తానే రేస్ అవుతుంది. తాళం తీసినా ఆగదు, తాళం ఆపేది ఇంజెక్టర్లను గాని బ్రీదర్‌ను కాదు కదా. అట్లా జరిగితే బ్రేకు గట్టిగా తొక్కి పట్టి, టాప్ గేరు వేసి, క్లచ్ ఒక్కసారిగా వదిలేయాల. ఇంజిన్ అణిగి ఆగిపోతాది. బానెట్ ఎత్తి ఎయిర్ పైపుకు చేయి అడ్డం పెట్టే పని మాత్రం చేయొద్దు.

ఆయిల్ పెరిగేది ఎట్లంటే. డీపీఎఫ్ అంటే తేనెతుట్టె లాంటి పింగాణీ దిమ్మ. ఒక రంధ్రం ఈ చివర మూసి, పక్క రంధ్రం ఆ చివర మూసి ఉంటుంది. పొగ గోడల గుండా దూరి పోవాల్సిందే, మసి గోడకు ఆగిపోతుంది. ఆ మసి కాలేకి 550 నుంచి 600 డిగ్రీలు కావాల. టౌనులో సైలెన్సర్ వేడి అందులో సగం కూడా రాదు. అందుకని మసి నిండిందని ఈసీయూ లెక్క తేలగానే, పిస్టన్ కిందికి దిగే టైములో ఆలస్యంగా ఇంకో చిటికెడు డీజిల్ కొడుతుంది. అది సిలిండర్‌లో మండేకి కాదు, డీపీఎఫ్‌కు ముందుండే ఆక్సిడేషన్ క్యాటలిస్టులో కాలి వేడి పుట్టించేకి. అయితే ఆ డీజిల్‌లో కొంత సిలిండర్ గోడకు తగిలి, రింగుల సందున సంపులోకి (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) దిగుతుంది.

ఇట్లా మసి కాల్చే పనినే రీజెన్ అంటారు, ఒక రీజెన్‌కు 15-20 నిమిషాలు పడుతుంది. నువ్వు ఆరు కిలోమీటర్లకే తాళం తీస్తావు. మసి సగం కూడా కాలదు, డీజిల్ మాత్రం కిందికి దిగింది. మర్నాడు మళ్లీ మొదట్నుంచి. పెట్రోలైతే ఇంజిన్ వేడికి ఆవిరై పోయేది. డీజిల్ మరిగేది 180 నుంచి 360 డిగ్రీల మధ్య. సంపులో అంత వేడి యాడుంది? దిగింది దిగినట్టే ఉండిపోతుంది.

ఎక్కువైనంత తీసేస్తే గేజ్ సరిగ్గా కనపడుతుంది అంతే, మిగిలిన ఆయిల్ పల్చగానే ఉంటుంది. నూటికి ఐదు పాళ్లు డీజిల్ కలిసినా చిక్కదనం దాదాపు ఒక గ్రేడు దిగుతుంది. మొదట దెబ్బ తినేది టర్బో. దాని షాఫ్ట్ నిమిషానికి రెండు లక్షల చుట్ల దాకా తిరుగుతుంది, దాన్ని మోసేది సన్నని ఆయిల్ పొరే.

ఇంకొకటి, గేజ్ చూసే పద్ధతి. చదును నేల, వేడి ఇంజిన్, ఆపినాక పది నిమిషాలు. పుల్ల తీసి తుడిచి, మళ్లీ ముంచి తీసి చూడు. వీధిలో కాలువ పక్క ఒరిగి నిలబెట్టి చూస్తే అర లీటరు తేడా చూపిస్తుంది.

నాపరాయి_40 (బేతంచర్ల)

గుత్తిరోడ్డు అన్న చెప్పినదానికి ఆయిల్ సంగతి కలుపుతా. 15డబ్ల్యూ-40 సీఐ-4 ప్లస్ అనేది లారీలకు, ట్రాక్టర్లకు మంచి ఆయిల్. చెడ్డదని కాదు, డీపీఎఫ్ ఉన్న కారుకు పోసేది కాదు.

మసి వేరు, బూడిద వేరు. మసి కాలిపోతుంది. బూడిద కాలదు. ఆయిల్‌లో కాల్షియం, జింకు, మెగ్నీషియం లాంటివి కలుపుతారు, ఇంజిన్ తాగిన ఆ కొద్ది ఆయిల్ కాలినాక మిగిలేది అదే. అది డీపీఎఫ్ రంధ్రాల చివర్న పేరుకుంటుంది, ఎన్ని రీజెన్లు చేసినా కదలదు. డబ్బా వెనక ఏసీఈఏ (యూరప్ ఆయిల్ ప్రమాణం) సీ2 లేదా సీ3 అని ఉంటే సల్ఫేటెడ్ యాష్, అంటే ఆ బూడిద, 0.8 శాతానికి మించకూడదని అర్థం. ఏ3/బీ4 అని ఉంటే 1.0 నుంచి 1.6 దాకా ఉండచ్చు. మామూలు సీఐ-4 లారీ ఆయిళ్లూ ఆ ఎక్కువ వైపే ఉంటాయి.

సీ2, సీ3 రెండూ ఒకటి కాదు. వేడిలో, ఒత్తిడిలో నిలిచే చిక్కదనం సీ3కి కనీసం 3.5 మిల్లీపాస్కల్ సెకన్లు, సీ2కి 2.9. ఏది పోయాలో నీ బండి మాన్యువల్‌లో ఉంటుంది, దాన్ని మించి ఎవరి మాటా వినొద్దు, నాతో సహా. ఎండ జాస్తి కదా అని 5డబ్ల్యూ-30 చోట 20డబ్ల్యూ-50 పోసేవాళ్లు మన పక్క చాలామంది. అది పాత ఇంజిన్ల లెక్క.

కిలోమీటర్ల సంగతి. పుస్తకంలో 10,000 లేదా ఏడాది అని ఉండచ్చు. రోజూ ఆరు కిలోమీటర్ల బండికి అది సరిపోదు. 5,000-6,000కే మార్చు. నెలకు రెండుసార్లు గేజ్ చూడు, తగ్గిందా అని మాత్రమే కాదు, పెరిగిందా అని కూడా.

తుంగభద్ర_టర్బో (కర్నూలు)

టౌను వాడకం ఒక కారణం, ఒప్పుకుంటా. అయితే నెలకు మూడుసార్లు లైటంటే దానొక్కదానితో సరిపోదు. డీపీఎఫ్ నిండిపోతోందంటే ఇంజిన్ మసి జాస్తిగా కక్కుతోందా, లేక రీజెన్ పూర్తి కాకుండా ఏదైనా అడ్డం పడుతోందా చూడాల. డీపీఎఫ్ చెత్తబుట్ట లాంటిది. బుట్ట రోజూ నిండుతోందని బుట్ట పారేస్తే ఇంట్లో చెత్త తగ్గదు.

మసి పెంచేవి:

బూస్ట్ (టర్బో నొక్కి పంపే గాలి) లీకు. టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు, అక్కడి నుంచి ఇన్‌టేక్‌కు పోయే రబ్బరు హోస్‌లు చూడు. లీకున్న చోట నూనె తడి, దాని మీద దుమ్ము అంటి నల్లటి పట్టు కడుతుంది. ఎక్కేటప్పుడు ఈల శబ్దం, వెనక నల్ల పొగ, పికప్ లేకపోవడం, స్కానర్‌లో పీ0299 (బూస్ట్ తక్కువ అనే కోడ్). క్లిప్పు రెండు చుట్లు బిగిస్తే పోయే పనికి టర్బో మార్చిన కేసులు షెడ్డుల్లో తక్కువేం కాదు.

ఎయిర్ ఫిల్టర్. ఎర్రగుంట్ల సిమెంటు దుమ్ము, తాడిపత్రి, బేతంచర్ల నాపరాళ్ల దుమ్ము తగిలే బండికి పుస్తకంలోని లెక్కలో సగానికే మార్చాల. ఫిల్టర్ తీసినాక, ఇంజిన్ వైపు పైపు లోపల తెల్ల గుడ్డతో తుడిచి చూడు. గుడ్డకు దుమ్ము అంటితే ఫిల్టర్ సరిగ్గా కూర్చోలేదు, లేదా అంచు చిరిగింది. ఆ దుమ్ము కంప్రెసర్ రెక్కల అంచులను అరగదీస్తుంది, తర్వాత రింగులను. కాగితం ఫిల్టర్‌ను నేలకేసి కొట్టకూడదు, నీళ్లతో కడగకూడదు. గాలి కొడితే లోపలి నుంచి బయటికి, తక్కువ ప్రెషర్‌తో.

ఈజీఆర్ (కాలిన పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే వాల్వు). మసి, బ్రీదర్ నూనె కలిసి తారులా గట్టిపడి వాల్వు ఇరుక్కుంటుంది. తీసి క్లీనర్ కొట్టి కడగచ్చు, స్క్రూడ్రైవర్‌తో గీకితే సీటింగ్ పోతుంది. గ్యాస్‌కెట్ కొత్తది వేసి, స్కానర్‌తో వాల్వు స్థానం మళ్లీ నేర్పించాల. ఈ చివరి పని చేయకపోతే కడిగిన ఫలితం ఉండదు.

ఇంజెక్టర్లు. రిటర్న్ పైపులకు నాలుగు సీసాలు తగిలించి చూస్తే ఒకదాన్లో మిగతావాటి కంటే బాగా ఎక్కువ పడితే అది పోయినట్టే. కొత్తది వేస్తే దాని మీది కోడ్ ఈసీయూలో ఎక్కించాల, కింద రాగి వాషరు కొత్తది వేయాల. రైల్‌లో ప్రెషర్ 1,600 బార్ పైన ఉంటుంది, ఇంజిన్ నడుస్తుండగా ఆ పైపుల నట్టు వదులు చేస్తే డీజిల్ చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. పాత పంపుల కాలంలో నట్టు వదులు చేసి ఏ సిలిండర్ మిస్సింగో పట్టేవాళ్లు. ఇప్పుడా అలవాటు చేతులు పోగొడుతుంది.

రీజెన్‌కు అడ్డం పడేవి: ఇంజిన్ లైటు వెలిగి ఉండడం, ట్యాంకులో డీజిల్ రిజర్వుకు దగ్గరగా ఉండడం, డీపీఎఫ్ ప్రెషర్ సెన్సర్‌కు పోయే రెండు సన్న గొట్టాలు పగలడం, ఎగ్జాస్ట్ టెంపరేచర్ సెన్సర్ పోవడం, కూలంట్ వేడెక్కకపోవడం.

నడిపే పద్ధతి కూడా ఉంది. ఈ సైజు ఇంజిన్లకు కింది నుంచే లాగే బలముంది. ఉదాహరణకు బొలెరోలోని ఎంహాక్75కు 210 ఎన్ఎం టార్క్ 1,600-2,200 ఆర్‌పీఎంలోనే వస్తుంది, క్రెటా 1.5 డీజిల్‌కు 250 ఎన్ఎం 1,500-2,750 మధ్య. అందుకని జనం 1,200కే టాప్ గేరు వేసి ఊదుకుంటూ పోతారు. ఆ రేంజు కంటే కింద లాగిస్తే టర్బో ఇంకా లేవదు, గాలి చాలదు, మసి జాస్తి. టౌనులో ఒక గేరు తక్కువలో నడుపు.

చౌక ఓబీడీ బ్లూటూత్ రీడర్ (ఈసీయూ అంకెలు ఫోన్‌లో చూపించేది) పెట్టి ఇవి చూసి రాయి: మసి ఎన్ని గ్రాములు, పోయిన రీజెన్ నుంచి ఎన్ని కిలోమీటర్లు, తాళం ఆన్ చేసి ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు డీపీఎఫ్ ప్రెషర్, హైవేలో కూలంట్ వేడి ఎంత, కోడ్‌లుంటే అవి కూడా. హైవే ఎక్కే ముందు ఎక్కువైన ఆయిల్ పైనుంచి సన్న గొట్టంతో లాగేయించు, మ్యాక్స్ కిందికి రావాల. కోడ్‌లుంటే అవి కూడా.

గుత్తిరోడ్డు_షెడ్డు

డీపీఎఫ్ ఖాళీ చేసే సంగతి మర్చిపోయినా. మూడు మాటలు. ఒకటి, లోపల కొట్టేసి సాఫ్ట్‌వేర్ సరిగ్గా మార్చకపోతే ఈసీయూ రీజెన్ డీజిల్ కొడుతూనే ఉంటుంది. ఆయిల్ పెరగడం ఆగదు, ఏ జబ్బుకైతే ఆ మందు వేసినావో అదే నిలిచిపోతుంది. రెండు, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం అట్లా మార్చకూడదు. 182ఏ(4) కింద ఓనరుకు ఒక్కో మార్పుకు 5,000 జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. మూడు, బీఎస్4 డీజిల్ కారుకు మసి హద్దు కిలోమీటరుకు 25 మిల్లీగ్రాములు, బీఎస్6కు 4.5. ఆ తేడా చాలావరకు ఆ డబ్బాలోనే ఉంది. తీసేస్తే అది మన టౌను పిల్లోళ్ల ఊపిరితిత్తుల్లోకే పోయేది.

కడప_డీజిల్

చాలా థ్యాంక్స్ అన్నలూ. ఆయిల్ దాదాపు 700 మిల్లీలీటర్లు లాగేసినారు, ఇప్పుడు గీతకు కింద ఉంది. ఎయిర్ ఫిల్టర్ బాగుంది, గుడ్డకు దుమ్ము అంటలేదు. హోస్‌లు పొడిగా ఉన్నాయి. రీడర్ పెట్టి పొద్దున్నే మైదుకూరు దాకా పోయి వచ్చినా. అంకెలు:

కోడ్ పీ2463 (డీపీఎఫ్‌లో మసి నిండిందనేది) ఒక్కటే. మసి 21 గ్రాములు. పోయిన రీజెన్ నుంచి 118 కిలోమీటర్లు. తాళం ఆన్, ఇంజిన్ ఆఫ్‌లో ప్రెషర్ 0. కూలంట్ టౌనులో ఏసీ వేసుకుని నిలబడితే 76, హైవేలో 80 స్పీడులో 66-68. అంతకు మించి ఎక్కలేదు.

తుంగభద్ర_టర్బో

దొరికింది. కడప ఎండలో హైవే మీద కూలంట్ 68 దాటలేదంటే థర్మోస్టాట్ (కూలంట్ వేడెక్కేదాకా రేడియేటర్ దోవ మూసి ఉంచే వాల్వు) తెరుచుకునే ఇరుక్కుపోయింది. ఈ ఇంజిన్లు నడిచేది 85-95 మధ్య. డాష్‌బోర్డు ముల్లు దాన్ని చూపించదు, చాలా బండ్లలో 70 నుంచి 100 దాకా ముల్లు నడిమధ్యలోనే నిలబడేలా చేసి ఉంటారు. అందుకే రీడర్ పెట్టమన్నది.

ఇప్పుడు లెక్క కుదురుతోంది చూడు. టౌనులో సిగ్నల్ దగ్గర 76కు ఎక్కుతుంది, రీజెన్ మొదలవుతుంది. బండి కదిలి గాలి తగలగానే 66కు పడుతుంది, ఈసీయూ ఆపేస్తుంది. మొదలైన ప్రతిసారీ డీజిల్ సంపులోకి దిగింది, ఈ 118 కిలోమీటర్లలో పూర్తయింది ఒక్కటీ లేదు. 118 కిలోమీటర్లకు 21 గ్రాములు అందుకే. సరిగ్గా ఉన్న బండికి హైవే వాడకంలో రెండు రీజెన్ల మధ్య 300-500 కిలోమీటర్లు వస్తుంది. మైలేజీ పడింది కూడా దీనివల్లే, చల్లటి ఇంజిన్ డీజిల్ జాస్తి తాగుతుంది.

నిర్ధారణకు ఒక పని చేయి. రాత్రంతా ఆపిన బండి పొద్దున స్టార్ట్ చేసి, రేడియేటర్ పై హోస్ మీద చేయి పెట్టు, ఫ్యాను బెల్టు దూరంగా ఉండేలా చూసుకో. మంచి థర్మోస్టాట్ అయితే హోస్ చాలాసేపు చల్లగా ఉండి, తెరుచుకున్న నిమిషంలో ఒక్కసారిగా కాలుతుంది. ఇరుక్కున్నదైతే స్టార్ట్ చేసిన మూడు నాలుగు నిమిషాల నుంచే హోస్ మెల్లమెల్లగా వేడెక్కుతూ పోతుంది. కొన్ని ఇంజిన్లలో థర్మోస్టాట్ కింది హోస్ వైపు ఉంటుంది, వాటికి కింది హోస్ పట్టుకుని చూడాల.

నాపరాయి_40

థర్మోస్టాట్ మార్చేటప్పుడు కూలంట్ ఎట్లాగూ పోతుంది. బోరు నీళ్లు మాత్రం పోయనీయొద్దు. మన సీమ బోరు నీళ్లలో సున్నం ఎంతుందో ఇంట్లో గీజర్ కాయిల్ చెబుతుంది. అదే పట్టు రేడియేటర్‌లో, ఈజీఆర్ కూలర్‌లో కడుతుంది. కలిపి అమ్మే కూలంట్ పోయించు, లేదా గాఢ కూలంట్‌కు డిస్టిల్డ్ వాటర్ సగానికి సగం. గాలి తీయడం మర్చిపోకూడదు. హీటర్ ఫుల్ వేడిలో పెట్టి, మూత తీసి ఐడిలింగ్‌లో ఉంచి, బుడగలు ఆగేదాకా నింపాల. మూత తీసేది ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే.

పక్క మాట, యాడ్‌బ్లూ ఉన్న బండ్లు చదివేవాళ్లకు. అది 32.5 శాతం యూరియా ద్రావణం. ఎరువుల కొట్టు యూరియా నీళ్లలో కలిపి పోస్తే అదే అవుతుందని ఒకరిద్దరు అంటున్నారు. మన ఎరువు యూరియాకు వేపనూనె పూత ఉంటుంది, బైయురెట్ అనే మలినం కూడా ఎక్కువ. ఇంజెక్టర్, క్యాటలిస్టు రెండూ మూసుకుపోతాయి. మూటలో మిగిలిన డబ్బు క్యాటలిస్టు బిల్లులో ఒక మూల కూడా కాదు.

కడప_డీజిల్

హోస్ చూసినా అన్నా. నాలుగు నిమిషాలకే గోరువెచ్చగా ఉంది, ఒక్కసారిగా కాలిన క్షణమే రాలేదు. థర్మోస్టాట్ ఆర్డర్ పెట్టినా. ఆయిల్ ఇప్పుడే మార్చాలా, ఫోర్స్డ్ రీజెన్ (షెడ్డులో స్కానర్‌తో బలవంతంగా చేయించేది) అయినాక మార్చాలా? రాయచోటి పక్క గువ్వలచెరువు ఘాట్ ఎక్కి దిగితే రీజెన్ తనంతట తానే అయిపోతుందని ఒకరన్నారు.

గుత్తిరోడ్డు_షెడ్డు

రీజెన్ అయినాకనే మార్చు. ముందు మార్చితే రీజెన్‌లో దిగే డీజిల్ కొత్త ఆయిల్‌లోకి పోతుంది. ఎక్కువైనది లాగేసినావు కాబట్టి ఆ అరగంటకు పాత ఆయిల్ ఫరవాలేదు.

తుంగభద్ర_టర్బో

ఇక్కడ రవ్వంత తేడా చెబుతా అన్నా. ఫోర్స్డ్ రీజెన్‌లో ఇంజిన్ నిలబడి 2,000-2,500 ఆర్‌పీఎంలో నడుస్తుంది, గాలి తగలదు, ఆయిల్ బాగా వేడెక్కుతుంది. పల్చటి ఆయిల్‌తో టర్బోకు అదే కష్టమైన టైము. 4,200 కిలోమీటర్లలో 700 మిల్లీలీటర్లు పెరిగిందంటే దాదాపు అంతా డీజిలే. ఖర్చు చూసుకోకపోతే చౌక తక్కువ యాష్ ఆయిల్ ఒకసారి, రీజెన్ అయినాక అసలు ఆయిల్, ఫిల్టర్‌తో సహా. లేదంటే నిలబెట్టి కాకుండా రోడ్డు మీదే చేయించుకోవచ్చు, థర్మోస్టాట్ మారితే ఈసీయూ తనే మొదలుపెట్టే అవకాశం ఎక్కువ.

గుత్తిరోడ్డు_షెడ్డు

అది నిజమే. మసి 21 గ్రాములంటే రోడ్డు మీద కాలేంతే ఉంది. లైటు మెరిసి, పికప్ కట్ అయి లింప్ మోడ్‌లోకి పోయుంటే వర్క్‌షాపు తప్పదు. నీకు అంత దూరం రాలేదు కదా, రోడ్డు మీదే చేయి.

ఘాట్ వద్దు. ఎక్కేటప్పుడు డీపీఎఫ్ బాగా కాగుతుంది గాని, దిగేటప్పుడు యాక్సిలరేటర్ వదిలేస్తావు, ఇంజెక్టర్లు డీజిల్ ఆపేస్తాయి, చల్లగాలి పోయి సగం కాలిన మసి మీద వేడి పడిపోతుంది. మైదుకూరు దోవే మేలు, చదును. ట్యాంకు సగం పైన నింపి, నాలుగో గేరులో 2,000-2,500 మధ్య, 25-30 నిమిషాలు ఒకే తీరుగా పో. రీజెన్ మొదలైందని గుర్తు: ఆగితే ఐడిలింగ్ 800 నుంచి వెయ్యి దగ్గరికి ఎక్కుతుంది, ఫ్యాను గోల పెడుతుంది, మైలేజీ చూపించే అంకె సగానికి పడుతుంది, ఎగ్జాస్ట్ టెంపరేచర్ 550 పైన. మసి 5 గ్రాముల లోపలికి వచ్చేదాకా ఆపొద్దు. అయినాక ఎండుగడ్డి మీదో, వేరుశనగ కట్టె వామి పక్కనో నిలబెట్టొద్దు, డీపీఎఫ్ డబ్బా ఇంకా కాలుతుంటుంది. రెండు నిమిషాలు ఐడిలింగ్‌లో ఉంచి తాళం తీయి, టర్బోకు ఆయిల్ ఆడుతూ చల్లారేకి.

కడప_డీజిల్

థర్మోస్టాట్ మారింది. హైవేలో కూలంట్ ఇప్పుడు 88. మైదుకూరు దాటకముందే రీజెన్ మొదలైంది, తిరిగొచ్చేసరికి మసి 3 గ్రాములు. రేపు ఆయిల్ మార్పిస్తున్నా, మాన్యువల్‌లో ఫిల్టర్‌తో కలిపి 5 లీటర్లని ఉంది, సీ3.

నాపరాయి_40

మొదట నాలుగున్నరే పోయించు. ఒక నిమిషం నడిపి, ఆపి, పది నిమిషాలకు గేజ్ చూసి మిగతాది పోయాల. డ్రైన్ బోల్టు వాషరు కొత్తది అడుగు, పాతదే బిగిస్తారు మామూలుగా. వేడి మీద అరగంట కారనీ, లేకుంటే పాత ఆయిల్, దాంతో డీజిల్ కొంత లోపలే ఉంటుంది. వెయ్యి కిలోమీటర్ల తర్వాత గేజ్ ఎక్కడుందో ఇక్కడ రాయి.